అపూ పద్దు ఎవరి ఖాతాలో రాయాలి?

"సినిమా చూసి ఎవడైనా మనిషిని చంపుతాడా?" మన వాళ్ళ మధ్య ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. చంపడు, నేనూ ఒప్పుకుంటాను. కానీ మాట అక్కడితో ఆపేస్తే నష్టపోయేది మనమే. ఈ బాతెల్ చుట్టుపక్కల పెట్రోల్ బంకుల్లో, చిన్న కొట్లలో రాత్రి షిఫ్టు కౌంటర్ వెనక నిలబడేవాళ్ళలో మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. లోపలికి వచ్చే మనిషి వాళ్ళ ముఖం చూడగానే ఏమనుకుంటాడన్నది వాళ్ళకు ఉత్త చర్చ కాదు.

ముందు నేరం సంగతి చూద్దాం. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, పని అయ్యాక స్నేహితుడితో కలిసి బార్‌లో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఆడమ్ ప్యూరింటన్ అనే వ్యక్తి కాల్చి చంపాడు. శ్రీనివాస్ హైదరాబాద్ కుర్రాడు, ఇంజనీరు, 32 ఏళ్ళు. పక్కనున్న స్నేహితుడికీ, అడ్డుపడబోయిన ఒక స్థానికుడికీ కూడా తూటాలు తగిలాయి. కాల్చే ముందు "నా దేశంలోంచి పొండి" అని అరిచాడు. పారిపోయాక ఇంకో చోట, తాను ఇరానియన్లని కాల్చానని చెప్పుకున్నాడు. కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆ హత్యకు బాధ్యుడు ప్యూరింటన్ ఒక్కడే. ఇందులో సినిమానీ టీవీనీ ముద్దాయిలుగా నిలబెడితే అతని భారం మనమే తగ్గించినట్టు అవుతుంది.

నేను చదివింది బీకాం. ఒకరి పద్దు ఇంకొకరి ఖాతాలో రాయకూడదని మాకు మొదట్లోనే నేర్పుతారు. అలాగే ఉన్న పద్దుని అసలు రాయకుండా వదిలేసినా పుస్తకం తప్పుల తడకే. నేరం ప్యూరింటన్ ఖాతాలో రాశాం. మరి గోధుమరంగు ముఖం కనపడగానే ఇరానీయా, అరబ్బా, తెలుగువాడా అన్న తేడా లేకుండా "శత్రువు" అనుకునే చూపు ఉంది కదా, ఆ పద్దు ఎక్కడ రాయాలి?

దీనికి జవాబు కోసం కాన్సస్ దాకా వెళ్ళక్కర్లేదు, మన రాష్ట్రంలోనే దొరుకుతుంది. 1907 సెప్టెంబర్ 4న ఇక్కడికి ఉత్తరాన ఉన్న బెల్లింగ్‌హామ్‌లో వందల మంది తెల్లవాళ్ళ గుంపు, కలప మిల్లుల్లో పనిచేసే భారతీయ కూలీల మీద పడింది. వాళ్ళలో ఎక్కువ మంది పంజాబీ సిక్కులు, కానీ ఇక్కడి పత్రికలకు అందరూ "హిందువులే". బస కొట్టాల్లోంచి బయటకు లాగి కొట్టారు, సామాన్లు దోచుకున్నారు. కొద్ది రోజుల్లోనే భారతీయులంతా ఊరు ఖాళీ చేశారు. ఒక్కడికీ శిక్ష పడలేదు. రెండు నెలలు తిరక్కుండానే, నవంబర్‌లో, ఎవరెట్‌లోనూ అదే జరిగింది. మనం రోజూ బండి నడిపే బాతెల్-ఎవరెట్ హైవే చివర ఉన్న ఎవరెటే అది.

అప్పటి పత్రికలు ఎవరినీ కొట్టలేదు. కానీ ఈ కూలీలు మురికివాళ్ళని, మన జీతాలు తగ్గించడానికి వచ్చినవాళ్ళని, ఈ దేశానికి పనికిరారని రాస్తూ వచ్చాయి. దాడి పద్ధతి తప్పు అంటూనే, వాళ్ళు పోవడం మాత్రం మంచిదే అన్న ధోరణిలో రాశాయి. సరిగ్గా వందేళ్ళకు, 2007 సెప్టెంబర్‌లో, 'బెల్లింగ్‌హామ్ హెరాల్డ్' పత్రిక ఆనాటి తన రాతలకు సంపాదకీయంలో క్షమాపణ చెప్పింది. కర్ర పట్టనివాళ్ళు క్షమాపణ ఎందుకు చెప్పాలి అని మీరు అడగొచ్చు. కర్ర పట్టినవాడికి తాను చేసేది న్యాయమే అనిపించేలా చేశారు కాబట్టి చెప్పాలి. అది నేరం కాకపోవచ్చు, బాధ్యత మాత్రం కచ్చితంగా ఉంది.

ఆ క్షమాపణకు రెండు నెలల ముందే, 2007 జులైలో, సింప్సన్స్ సినిమా ప్రచారం కోసం అమెరికాలో కొన్ని సెవెన్-ఇలెవెన్ కొట్లని అపూ నడిపే "క్విక్-ఇ-మార్ట్"లుగా మార్చారు. వాటిలో ఒకటి సియాటెల్‌లోనే. అపూ మీకు తెలిసే ఉంటాడు. 1990 నుంచి ఆ కార్టూన్‌లో కనిపించే కొట్టు యజమాని, కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేటు ఉన్నా జనం గుర్తుపెట్టుకున్నది అతని యాసనే. ఆ గొంతు హాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. ఒకప్పుడు సియాటెల్‌లో వలసదారుల హక్కుల కోసం పనిచేసిన మన తెలుగు మూలాల కమెడియన్ హరి కొండబోలు 2017లో ఈ పాత్ర మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. మొదట్లో చాలామంది విసుక్కున్నారు, కార్టూన్‌కి ఇంత గొడవా అన్నారు. కానీ అజారియా 2020లో ఆ గొంతు మానేశాడు, 2021లో బహిరంగంగా క్షమాపణ కోరాడు.

అపూ చెడ్డవాడు కాదు, ఎవరినీ చంపమనలేదు. చిక్కు ఏమిటంటే, చాలా ఏళ్ళపాటు అమెరికా టీవీలో జనానికి బాగా తెలిసిన భారతీయుడు దాదాపు అతనొక్కడే. పది రకాల మనుషులు కనిపిస్తే అందులో ఒకడు నవ్వులపాలైనా పర్వాలేదు. ఒక్కడే ఉండి వాడే నవ్వులపాలైతే కౌంటర్ వెనకున్న ప్రతివాడూ వాడే అయిపోతాడు. డబ్బులిస్తూ ఆ యాసలో వెక్కిరించి పోయే కస్టమర్ల గురించి మనవాళ్ళు చెప్తూనే ఉంటారు. మనిషిని మనిషిగా చూడకపోవడం అక్కడ మొదలవుతుంది. అలా మొదలైన ప్రతిదీ హత్య దాకా పోదు. అయినా ఆ చూపు లేనిచోట ఇలాంటి హత్యలు పుట్టవు.

ఇప్పుడు పుస్తకంలో రెండో పేజీ తిప్పుదాం. మన తెలుగు సినిమాల్లో ఆఫ్రికన్ మనిషి ఎప్పుడు కనిపిస్తాడు? చాలాసార్లు డ్రగ్స్ ముఠాలో, లేదా హీరో చేతిలో దెబ్బలు తినడానికి. నల్లటి ఒంటి రంగు మీద జోకులకు లెక్కే లేదు. ఆ చూపునే సూట్‌కేసులో పెట్టుకొచ్చి, కొత్తగా దిగిన పిల్లలకి "ఆ ఏరియాలో నల్లవాళ్ళుంటారు, ఇల్లు తీసుకోకు" అని సలహా ఇస్తాం. మనల్ని చూసి "ఇరానియన్" అనుకున్నవాడి చూపుకీ దీనికీ తేడా ఎంత? ఒక్కటి గుర్తుంచుకోండి. పనిచేసే చోట పుట్టిన దేశం కారణంగా వివక్ష చూపితే మనం ఫిర్యాదు చేసే చట్టం 1964 నాటి పౌరహక్కుల చట్టం. నల్లజాతి వాళ్ళు లాఠీలు తిని, జైళ్ళకు పోయి సాధించిన చట్టం అది. ఆ మరుసటి ఏడు, 1965లో, వలస చట్టం మారాకే మనలాంటి వాళ్ళకు ఈ దేశం తలుపులు బాగా తెరుచుకున్నాయి. ఆ బాకీ మన ఖాతాలో ఉంది.

మరి ఏం చేయాలి? రాష్ట్ర చట్టం ప్రకారం జాతి, రంగు, పుట్టిన దేశం కారణంగా కొట్టినా, ఆస్తి ధ్వంసం చేసినా, భయపడేలా బెదిరించినా అది ద్వేష నేరం. ఉత్త తిట్టు నేరం కాదు, బెదిరింపుగా మారితే నేరం. పోలీసులకు చెప్పేటప్పుడు వాడన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయించండి, కారణం రుజువయ్యేది వాటితోనే. మన ఊరు కింగ్, స్నోహోమిష్ కౌంటీలు రెంటిలోనూ ఉంది కాబట్టి ఘటన ఏ కౌంటీ కిందకు వస్తుందో అడిగి రాసుకోండి. పనిలో సూపర్‌వైజరు వెక్కిరిస్తున్నా, కస్టమర్ వేధిస్తుంటే యజమాని పట్టించుకోకపోయినా తేదీలతో నోట్ చేసుకోండి. ఉద్యోగ వివక్ష మీద రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కి మామూలుగా 6 నెలల్లోపు, ఫెడరల్ కమిషన్‌కి ఇక్కడ 300 రోజుల్లోపు వెళ్ళాలి. వీసా ఏదైనా సరే, వివక్ష నుంచి రక్షణ మీకు ఉంది.

ఇంకొకటి మీ ఇంట్లోనే చేయొచ్చు. ఈసారి టీవీలో నల్లరంగు మీద జోకు వచ్చి పిల్లలు నవ్వితే, ఒక్క నిమిషం ఆపి, ఆ నవ్వు ఎవరి మీదో వాళ్ళనే అడగండి. పిల్లలు చప్పున చెప్పేస్తారు.