కాచిగూడ స్టేషన్‌కు నగర రవాణాతో పూర్వవైభవం కల్పించాలని వినతి

గౌరవనీయులైన దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
రైల్ నిలయం, సికింద్రాబాద్.

విషయం: కాచిగూడ స్టేషన్‌కు ఎంఎంటీఎస్, బస్సు, మెట్రో అనుసంధానం గురించి.

ఆర్యా,

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ హైదరాబాద్‌కు గర్వకారణం. గుమ్మటాలతో, మినార్లతో నిలిచిన ఆ కట్టడం ఒకప్పుడు నిజాం రైల్వేకు కేంద్రం. మన్మాడ్ వైపు మీటర్ గేజ్ రైళ్లు ఇక్కడి నుంచే బయల్దేరేవి. ఇప్పటికీ బెంగళూరు, తిరుపతి ప్రయాణికులకు ఇదే ముఖద్వారం.

కట్టడానికి రంగులు వేయించడం అవసరమే. కానీ స్టేషన్‌కు ప్రాణం జనం రాకపోకలు. ఊరి నలుమూలల నుంచి తేలిగ్గా చేరుకోగలిగితేనే జనం వస్తారు. అందుకు కావలసిన దారి ఇప్పటికే ఉంది. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల ఫలక్‌నుమా మార్గం కాచిగూడ మీదుగానే సాగుతుంది. 2023లో అది ఉందానగర్ దాకా పెరిగింది. కాచిగూడ తర్వాతి స్టేషన్ మలక్‌పేట. అక్కడ దిగితే పక్కనే మెట్రో. ఒక్క స్టేషన్ దూరంలో మియాపూర్–ఎల్బీనగర్ మార్గం అందుతుందన్నమాట. కొత్త పట్టాలు వేయకుండానే దక్కే ఈ లాభాన్ని వదులుకోవడం తగదని మా విశ్వాసం.

కాబట్టి మా కోరికలివి:

1. ఫలక్‌నుమా మార్గంలో ఎంఎంటీఎస్ రైళ్ల సంఖ్య పెంచాలి. రైలు ఎప్పుడొస్తుందో తెలియక ఎదురుచూడాల్సి వస్తే ప్రయాణికుడు ఆటో ఎక్కుతాడు, మరుసటి రోజు స్టేషన్ వైపు చూడడు. తెల్లవారుజామున దూరప్రాంత రైళ్లు దిగేవారికి, రాత్రి రైళ్లు ఎక్కేవారికి అందేలా మొదటి, చివరి సర్వీసుల వేళలు సరిచేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన కోరిక ఇదే.

2. సుల్తాన్‌బజార్ మెట్రో, కోఠి, కాచిగూడ స్టేషన్‌ల మధ్య ఆర్టీసీ చిన్న బస్సులు నడిచేలా సంస్థతో మాట్లాడాలి. రైలు దిగినవారికి ఎదురుగా కనబడే చోటే బస్సు ఆగాలి.

3. రైలు, మెట్రో, బస్సు మూడింటికీ ఒకే టికెట్ తేవాలి. ఎంఎంటీఎస్ రెండో దశ ఖర్చులో రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించేలా ఒప్పందం కుదిరింది. డబ్బు విషయంలో కుదిరిన పొత్తు టికెట్ విషయంలో కుదరకపోవడానికి కారణం కనబడదు.

4. పాత భవనం ముందు వాహనాలు నిలపకుండా చూసి, వృద్ధులు, సామాన్లు మోసేవారు నడిచేందుకు నీడ ఉన్న కాలిబాట వేయాలి.

వీటిలో వేళల సవరణ మీ పరిధిలోనిదే కనుక దానితో మొదలుపెట్టవలసిందిగా, మిగిలినవాటికి రాష్ట్ర ప్రభుత్వం, ఆర్టీసీ, మెట్రో అధికారులతో ఉమ్మడి సమావేశం జరిపి, గడువులతో కూడిన లిఖితపూర్వక సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కాచిగూడ ప్రయాణికులు, పరిసర నివాసులు