16 అంగుళాల పట్టుదల

2021 డిసెంబరులో మాజ్డా కంపెనీ జపాన్‌లో తన రోడ్‌స్టర్ కారుకి ఒక ప్రత్యేక మోడల్ ప్రకటించింది. పేరు 990ఎస్. ఆ అంకె ఇంజిను సామర్థ్యమూ కాదు, హార్స్‌పవరూ కాదు. కారు బరువు, కిలోల్లో. ఇలాంటి ప్రత్యేక మోడల్ తెచ్చేటప్పుడు కార్ల కంపెనీలు సాధారణంగా చక్రాన్ని ఒక అంగుళమో రెండంగుళాలో పెంచి, నల్లరంగు వేసి, బ్రోచర్ మీద ఆ చక్రాన్నే పెద్దగా చూపిస్తాయి. మాజ్డా ఇంజినీర్లు ఆ దారి పట్టలేదు. మామూలు 1.5 లీటర్ల రోడ్‌స్టర్‌కి ఉండే 16 అంగుళాల చక్రాన్నే ఉంచారు. టైరు కొలత కూడా మారలేదు, 195/50 ఆర్16. వాళ్లు మార్చింది చక్రం తయారీని. రేయ్స్ అనే జపాన్ కంపెనీ చేత, లోహాన్ని కరిగించి అచ్చులో పోయడానికి బదులు గట్టి ఒత్తిడితో నొక్కి చేసే ఫోర్జ్‌డ్ చక్రాలు చేయించారు. దాంతో ఒక్కో చక్రం సుమారు 800 గ్రాములు తేలికైంది.

నాలుగింటికీ కలిపితే 3 కిలోల పైచిలుకు. ఇంత చిన్న తగ్గింపుకి అనుగుణంగా స్ప్రింగులు, డ్యాంపర్లు, స్టీరింగ్ అన్నీ మళ్లీ సర్దారు. ముందు వైపు బ్రెంబో కాలిపర్లు, మామూలు మోడల్ కన్నా పెద్ద డిస్కులు పెట్టారు, అవి కూడా ఆ 16 అంగుళాల చక్రం లోపలే ఇమిడేలా. అదుపు కోసం, నడపడంలోని ఆనందం కోసం పుట్టిన కారుకి చక్రం ఎలా ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించేది ఈ కారునే. మన దేశంలో మాజ్డా దుకాణమే లేదు. అయినా ఇందులో మనకు పనికొచ్చేది చాలా ఉంది.

ఆ 800 గ్రాములకు అంత విలువ ఎందుకంటే అవి స్ప్రింగుల కింద ఉన్న బరువు. కారులో మనం కూర్చునే భాగం, ఇంజిను, తలుపులు, డిక్కీలోని సామాను, ఇదంతా స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది. చక్రం, టైరు, బ్రేకు డిస్కు మాత్రం రోడ్డుతో పాటే పైకీ కిందికీ కొట్టుకుంటాయి. రోడ్డు మీద గతుకు తగిలినప్పుడు చక్రం పైకి లేచి మళ్లీ నేలను అందుకోవాలి. అది ఎంత బరువుంటే డ్యాంపర్‌కి దాన్ని ఆపడం అంత కష్టం. నేలను వదిలిన టైరుకి ఆ క్షణంలో పట్టు ఉండదు. మలుపులో ఉన్నప్పుడు అలా జరిగితే కారు పక్కకి చిన్నగా గెంతినట్టు తెలుస్తుంది.

దీనికి తోడు చక్రం తిరుగుతుంది కూడా. జొన్న చేలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పినవాళ్లకి ఈ సంగతి చేతికే తెలుసు: రాయి అదే అయినా తాడు పొడుగైతే తిప్పడానికీ ఆపడానికీ బలం ఎక్కువ కావాలి. చక్రంలో బరువు ఇరుసుకి ఎంత దూరంగా ఉంటే, ఆ దూరం వర్గానికి తగ్గట్టు దాని జడత్వం పెరుగుతుంది. రిమ్ పెద్దదైతే లోహం ఇరుసుకి దూరంగా జరుగుతుంది. ఇంజిను ప్రతిసారీ ఆ లోహాన్ని తిప్పాలి, బ్రేకు ప్రతిసారీ దాన్ని ఆపాలి.

ఇదంతా కాగితం మీది లెక్క కాదు. అమెరికా పత్రిక కార్ అండ్ డ్రైవర్ 2010లో ఒకే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌కి 15 నుంచి 19 అంగుళాల వరకు వేరువేరు చక్రాలు, ఒకే రకం టైర్లు తొడిగి పరీక్షించింది. 15 నుంచి 19కి వెళ్లేసరికి నిలబడ్డ కారు గంటకి 60 మైళ్ల వేగం అందుకోవడం సుమారు 4 శాతం మందగించింది. మైలేజీ సుమారు 10 శాతం పడిపోయింది. ఇంజిను అదే, మనిషి అదే, మారింది చక్రం ఒక్కటే.

పెద్ద చక్రానికి గుణాలు లేవనడం అన్యాయం. రిమ్ పెద్దదై టైరు గోడ పొట్టిదైతే, స్టీరింగ్ తిప్పగానే టైరు మెలికపడకుండా వెంటనే స్పందిస్తుంది. నున్నటి ట్రాక్ మీద ఆ చురుకు నిజంగా బాగుంటుంది. లోపల పెద్ద బ్రేకుకి చోటు దొరుకుతుంది. ఇక అందం. చక్రం గుంటని నిండుగా నింపిన రిమ్, సన్నని రబ్బరు అంచు, కారుకి నేలని గట్టిగా పట్టుకున్న రూపం ఇస్తాయి. ఆ అందాన్ని కోరుకోవడంలో తప్పేమీ లేదు. కారుని ప్రేమించేవాళ్లు దాన్ని చూడటాన్ని కూడా ప్రేమిస్తారు. కాకపోతే ఆ అందానికి ఏం చెల్లిస్తున్నామో తెలిసి చెల్లించాలి. తెలిసి చెల్లించినవాళ్లు ఎలా చేశారో చూడాలంటే ఫార్ములా వన్ దగ్గరికి వెళ్లాలి.

ఫార్ములా వన్ కార్లు దశాబ్దాల పాటు 13 అంగుళాల చక్రాల మీద నడిచాయి. చిన్న రిమ్, లావుపాటి నల్లని రబ్బరు, ఆ రూపం మనందరికీ కళ్లల్లో ఉండిపోయింది. నియమం చక్రాన్ని చిన్నదిగా ఉంచడం వల్ల బ్రేకు డిస్కు కూడా 278 మిల్లీమీటర్లు దాటలేకపోయేది. ఈలోగా రోడ్డు మీద తిరిగే వేగవంతమైన కార్ల చక్రాలు 18, 19, 20 అంగుళాలకి పెరిగిపోయాయి. 2010 ప్రాంతంలో మిషెలిన్ కంపెనీ 18 అంగుళాలైతేనే ఫార్ములా వన్‌కి తిరిగి వస్తానంది. అప్పటికి ఒప్పందం పిరెల్లికి దక్కింది, 13 అంగుళాలే కొనసాగాయి. కానీ ట్రాక్ మీద టైరు దుకాణంలో టైరులా కనిపించాలన్న కోరిక పోలేదు. చివరికి 18 అంగుళాలు 2021లో రావలసి ఉండగా, కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడి 2022లో వచ్చాయి. లాప్ సమయం తగ్గించడం కన్నా రూపమూ మార్కెట్టే ఈ మార్పుకి పెద్ద కారణాలు.

అప్పుడు వాళ్లు చేసిన పని గమనించండి. చక్రం ఒక్కటే మార్చి ఊరుకోలేదు. పాత టైరు లావు గోడ సస్పెన్షన్‌లో సగం పని చేసిపెట్టేది, గతుకుల్ని అదే మింగేది. అది పోవడంతో జట్లన్నీ సస్పెన్షన్‌ని కొత్తగా గీయాల్సి వచ్చింది. పొట్టి గోడ తక్కువగా నలగడంతో టైరు వెనక గాలి ప్రవాహం అంచనాకి అందడం మొదలైంది, ఇది వాళ్లకి నిజమైన లాభం. ముందు బ్రేకు డిస్కులు 330 మిల్లీమీటర్ల దాకా పెరిగాయి. నష్టం కూడా లెక్కలోనే కనిపించింది: కారు కనీస బరువు 2021లో 752 కిలోలు, 2022లో 798. ఆ పెరుగుదలలో చక్రాలకీ టైర్లకీ ఒక వాటా ఉంది. ముందు చక్రాలు ఎత్తవడంతో మలుపు లోపలి అంచు సరిగా కనిపించడం లేదని డ్రైవర్లు చెప్పారు. ఆ ఏడాది బాకూలో రేసు ముగిశాక లూయిస్ హామిల్టన్ నడుం పట్టుకుని కారు దిగడం ప్రపంచమంతా చూసింది. ఆ కుదుపులకి అసలు కారణం కారు అడుగున గాలి పీల్చే కొత్త డిజైను, దానికోసం బిగించిన గట్టి సస్పెన్షన్. కానీ పాత లావు రబ్బరు ఉండి ఉంటే కొంతైనా మింగేది.

ఇక్కడ ఒక లెక్క వేసి చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పాత టైరు బయటి వ్యాసం 670 మిల్లీమీటర్లు, కొత్తది 720. రిమ్ 5 అంగుళాలు పెరిగినా, మొత్తం చక్రాన్ని 50 మిల్లీమీటర్లు పెంచి రబ్బరుకి చోటు మిగిల్చారు. పాత టైరు గోడ ఎత్తు సుమారు 170 మిల్లీమీటర్లు, కొత్తదానిది సుమారు 131. అంటే పొట్టి గోడ అని మనం అనుకుంటున్న ఫార్ములా వన్ టైరుకే 131 మిల్లీమీటర్ల రబ్బరు ఉంది. మన దగ్గర చాలా సెడాన్లకి వచ్చే 205/55 ఆర్16 టైరు గోడ 113 మిల్లీమీటర్లు. దాని బదులు 225/40 ఆర్18 వేస్తే 90. 225/35 ఆర్19 వేస్తే 79. అద్దంలా తీర్చిదిద్దిన ట్రాక్ మీద పరుగెత్తే రేసు కారు కన్నా, గుంతలూ స్పీడ్ బ్రేకర్లూ మ్యాన్‌హోల్ మూతలూ దాటే మన కారుకి తక్కువ రబ్బరు మిగులుతోంది. పైగా మన కారులో సస్పెన్షన్ పాతదే, బ్రేకు పాతదే. కంపెనీ ఇంజినీర్లు ఆ 113 మిల్లీమీటర్ల రబ్బరుని నమ్ముకుని సర్దిన డ్యాంపర్లు, ఇప్పుడు లేని రబ్బరు పనిని కూడా చేయాలి.

పెద్ద చక్రం మీద రేసు హైదరాబాద్ వాళ్లు కళ్లారా చూశారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ ఎలక్ట్రిక్ కార్ల రేసులో కార్లన్నీ 18 అంగుళాల చక్రాల మీదే తిరిగాయి. ఫార్ములా ఇ 2014లో మొదలైనప్పటి నుంచీ అదే కొలత. ఊరి రోడ్లలో పరుగెత్తే ఆ పోటీకి ఎండకీ వానకీ ఒకే గాడుల టైరు. కారు గీసిన మొదటి రోజు నుంచే ఆ చక్రం కోసమే గీశారు కాబట్టి అక్కడ 18 కుదిరింది.

మళ్లీ జపాన్‌కి వస్తాను, ఎందుకంటే వాళ్లు చక్రం గురించి మనకి పూర్తిగా ఎదురు దిక్కు నుంచి ఆలోచిస్తారు. 2012లో టయోటా, సుబారు కలిసి తెచ్చిన 86 కారు చీఫ్ ఇంజినీర్ తెత్సుయా తాదా. ఆ స్పోర్ట్స్ కారుకి ఆయన బృందం తొడిగిన టైరు 215/45 ఆర్17 మిషెలిన్ ప్రైమసీ. ప్రియస్ అనే పొదుపు కారుకి కూడా ఇచ్చిన టైరది. దీని మీద అప్పట్లో చాలా మంది విస్తుపోయారు. కానీ అది కావాలని చేసిన ఎంపిక. టైరు పట్టు మితంగా ఉంటే, మామూలు వేగంలోనే కారు అంచు దాకా వెళ్లి వెనక చక్రం మెల్లగా జారడం, దాన్ని స్టీరింగుతో సర్దుకోవడం చేతికి తెలుస్తుంది. పట్టు మరీ ఎక్కువైతే ఆ అంచు ప్రమాదకరమైన వేగంలో గానీ రాదు, వచ్చినప్పుడు చెప్పి రాదు. పొట్టి గోడ టైర్లలో చాలా వాటి స్వభావం ఇదే. ఘాట్ రోడ్డు మీద ముందుగా మాట్లాడే టైరు నాకు కావాలి. లంబసింగి మలుపుల్లో 0.2 సెకన్లు ఆదా చేసుకుని ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

మాజ్డా వాళ్ల పిసినారితనం ఇంకా లోతుకి వెళ్తుంది. మునుపటి తరం రోడ్‌స్టర్ చక్రానికి 5 బోల్టులు. 2015 నాటి తరానికి 4. కారు తేలిక కాబట్టి నాలుగు చాలు, చాలినప్పుడు అయిదోది ఎందుకు మోయాలి? అదే కారు 2 లీటర్ల ఇంజినుతో, గట్టి పైకప్పుతో వచ్చినప్పుడు 17 అంగుళాలు ఇచ్చారు, ఎందుకంటే ఆ కారు బరువూ బలమూ వేరు. చక్రం కారుని బట్టి వచ్చింది.

మన దుకాణాల్లో సంభాషణ ఎలా సాగుతుందో తెలిసిందే. “అన్నా, దీనికి 18 కూడా పట్టేస్తది” అంటారు. పట్టడం నిజమే. అయితే ఆ రిమ్ ఎన్ని కిలోలు అని అడిగితే చాలాచోట్ల జవాబు ఉండదు. రేయ్స్ వాళ్ల ప్రసిద్ధ చక్రం టీఈ37 పేరులోని 37, 15 అంగుళాల కొలతలో అది తూగిన 3.7 కిలోల నుంచి వచ్చింది. 1996 నాటి ఆ ఆరు పుల్లల రూపాన్ని ఎంతమంది కాపీ కొట్టారో లెక్కలేదు. రూపం కాపీ అవుతుంది గానీ ఆ బరువు కాదు. చవక పోత రిమ్ అదే బలం ఇవ్వాలంటే లావుగా ఉండాలి, లావుగా లేకపోతే గుంతలో పడ్డప్పుడు బెండ్ అవుతుంది, లేదా చీలుతుంది. టైరు పక్కన బుడిపె లేచి రాత్రిపూట హైవే మీద ఆగిపోయిన కారు యజమానికి ఆ రిమ్ అందం అప్పుడు గుర్తుకి రాదు. కొనేముందు దుకాణంలోనే త్రాసు మీద పెట్టించి, పాత రిమ్ టైరు బరువు, కొత్త రిమ్ టైరు బరువు పక్కపక్కన రాయించుకోవడం కష్టమేమీ కాదు. కొత్తది బరువెక్కువైతే, కొన్నది రూపమే తప్ప అదుపు కాదు.

చక్రం పెంచక తప్పని సందర్భం కూడా ఒకటుంది. కార్ల డిజైనర్ గార్డన్ మరే 1992లో లోకానికి చూపించిన మెక్‌లారెన్ ఎఫ్1కి 17 అంగుళాల చక్రాలు, ముందు టైరు 235 మిల్లీమీటర్ల వెడల్పు, వెనకది 315. ఆయనే 2020లో చూపించిన టీ.50కి ముందు 19, వెనక 20 అంగుళాలు. తేలికదనం కోసం జీవితమంతా పోరాడిన మనిషి రెండు మూడు అంగుళాలు పెంచాడంటే, దానికి కారణం రిమ్ లోపల కనిపిస్తుంది. మొదటి కారు ముందు డిస్కు 332 మిల్లీమీటర్ల ఇనుము, రెండోదానిది 370 మిల్లీమీటర్ల కార్బన్ సెరామిక్. ఆ డిస్కూ దాని కాలిపరూ 17 అంగుళాల చక్రంలో పట్టవు. పైగా ఇంతటి వేగానికి తగ్గ మంచి టైర్లు ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఆ పెద్ద కొలతల్లోనే. కానీ ముందు టైరు వెడల్పు ఇప్పటికీ 235 దగ్గరే ఆగింది. వెనకది 315 నుంచి 295కి తగ్గింది. కారు మొత్తం బరువు టన్నుకి లోపే ఉండిపోయింది.