చిత్రానువాద రచన - పోటీల ప్రయోజనం

సాహిత్య చరిత్రలో పోటీ కొత్త విషయం కాదు. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు విజయనగరానికి వెళ్ళి, ప్రౌఢదేవరాయల ఆస్థానంలో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి కనకాభిషేక గౌరవాన్ని అందుకొన్నాడు. ఆ శతాబ్దంలోనే పోతన రాజాశ్రయాన్ని కోరక తన భాగవతాన్ని శ్రీరామునికి అంకితం చేశాడు. ఇద్దరూ మహాకవులే. సభాగౌరవం శ్రీనాథుని కీర్తిని పెంచింది. అది లేకపోవడం పోతన కీర్తిని తగ్గించలేదు. ఈ రెండు జీవితాలనూ ఎదుట ఉంచుకొని ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి నేటి యువతరం ముందున్నది. సినిమా రచయిత కావాలనుకొనేవారికి చిత్రానువాద పోటీలు, చలనచిత్రోత్సవాలు నిజంగా మేలు చేస్తాయా?

ముందుగా చిత్రానువాదం స్వభావాన్ని గుర్తించాలి. పద్యం రాసిన క్షణానే పద్యం. నవల అచ్చయితే పాఠకుని చేతికి చేరుతుంది. చిత్రానువాదం అటువంటిది కాదు. నిర్మాత ధనం, దర్శకుని దృష్టి, నటుల అభినయం తోడైతేనే అది తెరకెక్కుతుంది. లేనప్పుడు కాగితాల కట్టగానే మిగిలిపోతుంది. చిత్రపరిశ్రమలో బంధువులు, పరిచయస్థులు ఉన్నవారి కాగితాలను చదివేవారుంటారు. మారుమూల పల్లెలో కూర్చొని రాసే యువకుని రచనను చదివేదెవరు? రచయిత ఎవరి కుమారుడో అడగకుండా రచనను మాత్రమే చూసే ద్వారం పోటీ ఒక్కటే. దాని మొదటి ప్రయోజనం ఇదే.

ఇందుకు నిదర్శనాలు లేకపోలేదు. కాకినాడలో సైన్సు అధ్యాపకునిగా పనిచేసిన పాలగుమ్మి పద్మరాజు కథ 'గాలివాన'కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి లభించింది. తరువాతి కాలంలో ఆయన 'బంగారుపాప' వంటి చిత్రాలకు రచన చేశారు. అమెరికాలో మైక్ రిచ్ అనే రేడియో వార్తల ఉద్యోగి తొలి చిత్రానువాదం 'ఫైండింగ్ ఫారెస్టర్' 1998లో నికోల్ ఫెలోషిప్‌కు ఎంపికైంది. 2000లో అది చలనచిత్రంగా వెలువడింది.

అయితే ఈ వెలుగు వెనుక ఉన్న నీడను కూడా చూడాలి. ఆస్కార్ పురస్కారాలిచ్చే అకాడమీ నిర్వహించే ఆ నికోల్ పోటీకి ఏటా వేలకొలది రచనలు వచ్చేవి. ఎంపికయ్యేవారు 5గురికి మించరు. ఎవరైనా నేరుగా పంపగలిగే పద్ధతి కూడా 2025లో మారిపోయి, విశ్వవిద్యాలయాలు, భాగస్వామ్య సంస్థల ద్వారానే రచనలు చేరాలన్న నియమం వచ్చింది. ఎంపికైన రచనలన్నీ సినిమాలు కావు. ఇక ప్రవేశ రుసుము కోసమే వెలిసే పోటీలూ ఉంటాయి. అక్కడ చదివేవారెవరో, తీర్పుకు ప్రమాణమేమిటో తెలియదు. తల్లిదండ్రుల కష్టార్జితాన్ని అటువంటి వాటికి వరుసగా చెల్లిస్తూ పోవడం సాధన కాదు, వ్యసనం. పైగా బహుమతి రాలేదని కలాన్ని మూలపడవేసినవారి నష్టం సొమ్ము నష్టంకంటె పెద్దది.

చలనచిత్రోత్సవాల సంగతి కొంత వేరు. పోటీ కాగితంమీది రచనను తూచుతుంది. ఉత్సవం ప్రధానంగా పూర్తయిన చిత్రాన్ని తూచుతుంది. కనుక రచయితకు ఉత్సవం మొదట పాఠశాల. 1952లో బొంబాయిలో ప్రారంభమై మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరాలలో సాగిన భారతదేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఇటలీ చిత్రం 'బైసికిల్ థీవ్స్' ప్రదర్శితమైంది. దాని ప్రభావంతోనే బిమల్ రాయ్ 1953లో 'దో బీఘా జమీన్'ను నిర్మించారు. ఉత్సవాలకు అనుబంధంగా జరిగే సమావేశాలు రచయితను నిర్మాతలతో కలుపుతాయి. రితేశ్ బత్రా 'లంచ్‌బాక్స్' రచన 2012లో రోటర్‌డామ్‌లో ప్రశంస పొంది, 2013లో కాన్స్ ఉత్సవ వేదికపై చిత్రంగా నిలిచింది. విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులే నటించిన వెంకటేశ్ మహా చిత్రం 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవానికి ఎంపికైన తరువాతనే ఇక్కడి థియేటర్లలో విడుదలైంది.

రచనను ఇతరుల చేతికిచ్చే ముందు హక్కుల విషయం కూడా తెలియాలి. 1957 నాటి కాపీరైటు చట్టం రచనకు రక్షణ కల్పిస్తుంది. కాని ఒక నాటకానికీ 'న్యూ ఢిల్లీ' అనే హిందీ చిత్రానికీ సంబంధించిన వివాదంలో 1978లో సుప్రీంకోర్టు, ఆలోచనకు కాపీరైటు ఉండదని, దానిని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందని స్పష్టం చేసింది. కాబట్టి ఆలోచనను నోటిమాటగా పదిమందికి చెప్పుకొనేకంటె, సంపూర్ణంగా రాసి, రచయితల సంఘంలో నమోదు చేయించిన తరువాతనే పంపడం క్షేమం. పోటీ నిబంధనలలో హక్కులు ఎవరికి చెందుతాయో చదవకుండా సంతకం చేయరాదు.

మొత్తంమీద పోటీలను పూర్తిగా నిరాకరించడమూ, వాటినే సర్వస్వమనుకోవడమూ రెండూ సమంజసం కావు. నిర్ణీతమైన గడువు బద్ధకాన్ని వదిలిస్తుంది. అపరిచితుని విమర్శ, ఆప్తులు చెప్పలేని లోపాన్ని చూపిస్తుంది. ఈ రెండూ బహుమతి రానివారికి కూడా దక్కే ఫలాలు. తిరస్కృతమైన రచనను మళ్ళీ దిద్దుకొనే ఓపిక ఉన్నవానికి ప్రతి పోటీ ఒక మెట్టు. ఆ ఓపిక లేనివానికి గెలుపు కూడా ఒక్కరోజు వేడుకే. న్యాయనిర్ణేతల తీర్పు రచనను లోకానికి పరిచయం చేయగలదేగాని, లేని ప్రాణాన్ని దానిలో పోయలేదు. ఆ ప్రాణం రచయిత తన చుట్టూ ఉన్న మనుషులను శ్రద్ధగా చూడడంలోనూ, రాసినదాన్ని నిర్దయగా దిద్దుకోవడంలోనూ ఉన్నది.