రాత్రి వినోదమునకు వెల యెవరిది?

మద్యపానమునకు విరుద్ధముగా వేదిక లెక్కి ప్రసంగించిన మనుష్యుడు జపాను దేశమునకు బోయి, రుసుము చెల్లించి మరీ పానశాలల వెంట దిరిగి వచ్చెనని వినినపుడు మిత్రులు నవ్వుట సహజము. నవ్వినవారిలో మా పఠనాలయపు పెద్దలును గలరు. సాక్షిని విచారింపకయే తీర్పు చెప్పుట న్యాయమా యని వారికి మేము వకీళ్ల మాటతోనే బదులు చెప్పితిమి. హాస్యమున కన్న మాటయే యైనను అందు కొంత సత్యము లేకపోలేదు. దూరమున నుండి నిందించుటయు, దూరమున నుండి మెచ్చుకొనుటయు సమానముగా సులభములు. దగ్గరకు బోయి చూచినవానికే చిక్కు.

నిజమునకు మేము చూడబోయినది మద్యమును గాదు, దాని పద్దును. త్రాగువాని సారాబాకీని త్రాగని యిల్లాలు తీర్చుచున్నదని 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు దేశమునకు చాటి చెప్పిరి. చిన్ననాట వినిన యా మాట మా మనస్సునుండి తొలగలేదు. ఏ వినోదమును జూచినను మాకు మొదట దట్టు ప్రశ్న యొక్కటియే: దీని వెల నిచ్చువా రెవరు? అనుభవించువాడేనా, లేక వాని పేర మరియొకరా?

టోక్యో నగరమున షింజుకు అను భాగము గలదు. ప్రపంచమున మిక్కిలి రద్దీగల రైల్వేస్టేషనని పేరొందినది యచ్చటనే యున్నది. స్టేషనుకు తూర్పున కబుకిచో యను పేట. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులకు బూడిదయైన యీ స్థలమున కబుకి నాటకశాలను నిర్మింపవలెనని యుద్ధానంతరము కొందరు పెద్దలు సంకల్పించి, ముందుగానే ఆ పేరు పెట్టిరి. నాటకశాల రాలేదు, పేరు మాత్రము నిలిచినది. నేడచ్చట రాత్రియు బగలును భేదము లేని దీపకాంతిలో వేలకొలది జనులు వినోదమునకై సంచరించుచుందురు. సాయంకాలమైనంతనే మార్గదర్శకులు విదేశీయులను చిన్నచిన్న గుంపులుగ నిచ్చటికి తోడ్కొని వత్తురు. మూడు గంటల కాలము, రెండు మూడు పానశాలలు, తుదకు కరావోకే గానము. ఇదియే సామాన్యమైన కార్యక్రమము.

విదేశీయులకు ప్రతిఫలము గొని దారి చూపువాడు ప్రభుత్వపరీక్షయందు కృతార్థుడై యుండవలెనని జపానులో 1949వ సంవత్సరపు శాసనము విధించియుండెను. 2018వ సంవత్సరము జనవరి నుండి ఆ నిర్బంధము తొలగినది. భాష వచ్చిన యే యువకుడైనను నేడీ వృత్తి నవలంబింపవచ్చును. మా మార్గదర్శకుడు నట్టివాడే. మంచివాడు, మర్యాద తెలిసినవాడు. కావుననే యతనిని గూర్చి తుదియందు చెప్పవలసిన మాటను చెప్పుటకు మాకు సంకోచముగా నున్నది.

ఎనమండుగురము బయలుదేరితిమి. మొదట పోయినది స్టేషను ప్రక్కనున్న ఓమోయిదే యొకోచో. జ్ఞాపకముల సందు అని దాని యర్థము. యుద్ధము ముగిసిన దినములలో నల్లబజారుగా వెలసిన స్థలమిది. భుజమునకు భుజము రాచుకొను బల్లలు; బొగ్గులపై కోడిమాంసపు పుల్లలు కాల్చు పొగ. తన పాత్రలో తాను పోసికొనుట అచ్చట మర్యాద కాదు. ప్రక్కవానికి తాను పోయవలెను, తనకు ప్రక్కవాడు పోయును. మాకు ఊలాంగు తేనీరు తెచ్చి పెట్టిరి. ఏల త్రాగవని యెవరును అడుగలేదు. త్రాగనివానిని ఇంతగా బాధింపక విడిచిపెట్టిన విందులను మేము మన పట్టణములలో మిక్కిలి తక్కువగా జూచితిమి.

ఇంతలో కోరకయే చిన్న గిన్నెతో ఉడికించిన కూర మా యెదుట బెట్టిరి. దీనికి ఓతోషి యని పేరు. మూడు నాలుగు వందల యెన్‌లు దీని పేర పద్దులో జేరును. కోరని వస్తువునకు వెల యేమని మాలోని న్యాయవాది మేల్కొనెను. అది కూర వెల గాదనియు, కూర్చున్న చోటున కిచ్చు పైకమువంటి దనియు మార్గదర్శకుడు చెప్పెను. ఆలోచింపగా మాకు సమ్మతమే యనిపించినది. ఊరివారెల్ల రెరిగిన యాచారము ఒప్పందములో వ్రాయని షరతువంటిది. ఐనను ఎరుగని పరదేశికి ముందుగా చెప్పనియెడల ఆ యాచారమే వంచనగా దోచును. కావున మార్గదర్శకునికి మొదటి ధర్మము చరిత్ర చెప్పుట గాదు, వెల చెప్పుట.

ఈ ధర్మ మెంత ముఖ్యమో కబుకిచో వీధిలో నడిచినవానికి వెంటనే తెలియును. దళారులు ప్రక్కకు వచ్చి, తక్కువ వెలకు త్రాగవచ్చునని మృదువుగా బలుకుదురు. వారిని నమ్మి మేడ మెట్లెక్కినవాడు దిగివచ్చునప్పటికి వేల యెన్‌లు లక్షలగును. ఇట్టి దోపిడికి జపానీయులు బొత్తకురి యని పేరిడిరి. టోక్యో నగరపాలకులు 2000వ సంవత్సరమున దీనిపై నిబంధన చేసి, కొన్ని తరగతుల వ్యాపారస్థలములలో వెలలు స్పష్టముగా ప్రకటింపవలెనని శాసించిరి. షింజుకు పాలకసంఘము 2013లో వీధిదళారుల పిలుపులనే నిషేధించెను. వారి వెంట బోవలదని ధ్వనివర్ధకములు నేటికిని వీధిలో హెచ్చరించుచునే యున్నవి. ఆ ధ్వనివర్ధకముల క్రిందనే దళారులు నిలుచుండుటయు మేము చూచితిమి. వెల దాచిన వినోదము మోసమని వాదింప నక్కరలేదు. దానిని అందరును ఒప్పుకొందురు. మా కష్టము వెల చెప్పిన వినోదమును గూర్చియే.

రెండవ మజిలీ గోల్డెన్ గాయి. ఆరు సన్నని సందులు. రెండు వందలకు మించిన పానశాలలు. ఒక్కొక్కదానియందు ఆరుగురో పదిమందియో పట్టుదురు. ఇదియు నల్లబజారు సంతతియే. వ్యభిచార నిరోధక శాసనము 1958లో పూర్తిగా అమలులోనికి వచ్చువరకు మేడగదులలో దేహవిక్రయము జరిగెడిది. పిమ్మట ఇవి పానశాలలై, రచయితలకును, చలనచిత్రములవారికిని, పత్రికలవారికిని కూడుచోట్లయ్యెను. 1980 తరువాత భూముల ధరలు మితిమీరినపుడు పెద్ద కట్టడములు కట్టదలచినవారు ఈ సందుల నపేక్షించిరి. అమ్మమన్నవారి యిండ్లకు నిప్పంటుకొనుట మొదలయ్యెను. ఆ నిప్పు దానంతట నంటుకొన్నది గాదని యందరును నమ్మిరి. అంతట అంగడివారును, వారి వాడుకదారులును వంతులు వేసికొని రాత్రులు కాపలా కాచిరి. ఈనాడు యాత్రికులు ఛాయాచిత్రములు దీసికొను నా కొయ్యతలుపులు అట్లు నిలిచినవి.

మేము దూరిన యంగడి తలుపుపై కూర్చుండుటకు రుసుమింత యని వ్రాసియుండెను. దాచినదేమియు లేదు. ఎనిమిది యాసనములు, మేము ఎనమండుగురము. మార్గదర్శకుడు ముందుగా చెప్పియుంచెను గాబోలు, అన్నియు మాకై ఖాళీగా నుండెను. ఉత్సాహముగా మాటలు సాగుచుండగా తలుపు కొంచెము తెరచుకొనెను. అరువది యేండ్లు దాటిన పెద్దమనుష్యుడొకడు లోనికి తొంగిచూచెను. యజమానురాలు అతనిని జూచి చేతులు జోడించి యేదియో పలికెను. అతడు చిరునవ్వు నవ్వి, తల వంచి, తలుపు మెల్లగా మూసి వెడలిపోయెను. అతని పేరు వ్రాసిన సీసా యొకటి మా వెనుక నరలోనే యున్నదని ఆమె పిమ్మట చెప్పెను. వాడుకదారు సీసా నంతయు నొక్కసారి కొని అంగడిలోనే యుంచి, దినమునకు కొంచెముగా త్రాగుట అచ్చటి పద్ధతి.

మేము రుసుము చెల్లించితిమి, తేనీటికి వెల చెల్లించితిమి, కూరకును చెల్లించితిమి. కాని ఆ పెద్దమనుష్యుని సాయంకాలమునకు ఎవరు చెల్లించిరి? నిప్పు పెట్టినపుడు కాపలా కాచి యంగళ్లను నిలిపినది అట్టి వాడుకదారులే గదా! యాత్రికులు లేనియెడల ఈ సందులు వృద్ధ యజమానులతోడనే యంతరించునని కొందరందురు. మేమును ఆ వాదమును త్రోసివేయము. ఐనను ఇంటివానిని వెలుపల నిలిపి యింటిని రక్షించితిమనుట ఏ న్యాయమో మాకు బోధపడలేదు.

అచ్చటినుండి కరావోకేకు బోతిమి. కర యనగా శూన్యము. ఓకే యనునది ఆర్కెస్ట్రాకు సంక్షేపము. వాద్యగాండ్రు లేని వాద్యమని యర్థము. 1967లో టోక్యోలో నెగిషి షిగేఇచి యనువా డిట్టి యంత్రము నొకదానిని చేసెను. 1971లో కోబె నగరపు పానశాలలలో వాద్యము వాయించి జీవించు ఇనౌయే దైసుకే దానితో సంబంధము లేకయే మరియొకటి కల్పించెను. తన వాద్యమును మెచ్చిన యొక సంస్థాధిపతి ప్రయాణమునకు తోడు రమ్మనగా, తాను పోలేక, వాద్యమును టేపుపై బట్టి యిచ్చెను. దానినుండియే యీ యూహ పుట్టినది. పదునొకండు యంత్రములు చేయించి పానశాలలకు అద్దె కిచ్చెను. పేటెంటు మాత్రము తీసికొనలేదు. ఆ యంత్రము ప్రపంచమంతయు వ్యాపించి యొక పెద్ద పరిశ్రమయైనది. అతనికి దక్కినవానిలో 2004లో అమెరికాలో నిచ్చిన ఇగ్ నోబెల్ శాంతిబహుమతి యొకటి. నవ్వు పుట్టించి పిమ్మట ఆలోచింపజేయు బహుమతి యది. మనుష్యులు ఒకరి నొకరు సహించుట నేర్చుకొనుటకు క్రొత్త మార్గము చూపినందు కిచ్చిరట.

ఆ సహనమునకు మేమే నిదర్శనమైతిమి. మాకు రాగల పాటలేవియు యంత్రమున లేవు. మిత్రులు విడువకపోగా, యంత్రము నాపించి, చిన్ననాట నేర్చిన త్యాగరాజకీర్తన నొకదానిని చేతితో తాళము వేసికొనుచు పాడితిమి. శ్రుతి కుదరలేదు. చప్పట్లతో తోడ్పడబోయిన కొరియా దేశపు దంపతులు తాళమును మరింత చెరచిరి. ఎవరును పరిహసింపలేదు. న్యాయస్థానమున నిరువది సంవత్సరములు గొంతెత్తినవారము. పరులయెదుట పాట పాడుట యదియే ప్రథమము. ఆ గంటకాలపు సంతోషము నిజమైనదని ఒప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు. అందుకై మేమిచ్చినది గది యద్దె మాత్రమే. ఒకరి చోటును గైకొనలేదు. పేటెంటు దీసికొనని యా కోబె వాద్యగానికి మాత్రము ఋణపడితిమి.

చివరి రైలు వేళకు స్టేషనువైపు మరలితిమి. వీధి కిరుప్రక్కల మేడలంత యెత్తున యువకుల ముఖచిత్రములు వెలుగుచుండెను. వీరెవరు, సినిమా నటులా యని మాలో నొకరడిగిరి. హోస్టు క్లబ్బులవారని మార్గదర్శకుడనెను. అవి యేమని మరల నడుగగా, "అవి మన కార్యక్రమములో లేవు" అని నవ్వి ముందుకు నడిచెను.

కార్యక్రమములో లేనిదానిని మేము పిమ్మట విచారించి తెలిసికొంటిమి. స్త్రీలు వచ్చి కూర్చుండగా యువకులు ప్రియభాషణములతో మెప్పించి, వెలగల మద్యములను తెప్పించుట యీ క్లబ్బుల వ్యాపారము. చేతిలో పైకము లేనివారికి అరువు వ్రాయుదురు. దానికి ఉరికాకే యని పేరు. ప్రేమయని నమ్మిన పిల్ల ఆ యరువు తీర్చలేక, తుదకు క్లబ్బువారి ప్రోద్బలముననే దేహవిక్రయమునకు దిగిన యుదంతములు అనేకములు వెలువడెను. కబుకిచో చెంతనే యున్న యొక పార్కు చుట్టును సాయంకాలమున వరుసగా నిలుచుండు యువతులలో నిట్టి ఋణగ్రస్తలు గలరు. 1956లో చేసిన వ్యభిచార నిరోధక శాసనము వీధిలో నిలిచి పిలిచిన స్త్రీకి శిక్ష విధించెను గాని, కొనవచ్చిన పురుషునికి విధింపలేదు. 2025లో పార్లమెంటు వేరొక శాసనమును సవరించి, ప్రణయభావమును సాధనముగా జేసికొని మద్యము నమ్ముటను, ఋణము తీర్చుటకై దేహవిక్రయమునకు పురికొల్పుటను నిషేధించెను. అనుమతి లేక వ్యాపారము చేయు సంస్థలకు 30 కోట్ల యెన్‌ల వరకు జరిమానా నిర్ణయించెను. ఆ సవరణ జూన్ నెలలో అమలులోనికి వచ్చినది.

శాసనము మంచిదే. మద్యము పోసినవానికిని బాధ్యత గలదను న్యాయము జపానుకు క్రొత్త గాదు. 2006లో ఫుకువోకలో త్రాగి కారు నడపినవాని మూలమున ముగ్గురు పసిబిడ్డలు మరణింపగా, మరుసటి సంవత్సరము రోడ్డు శాసనమును సవరించి, నడపువానికి మద్యమిచ్చినవానిని, కారిచ్చినవానిని, తెలిసి ప్రక్కన గూర్చున్నవానిని సైతము దండనార్హులను జేసిరి. ఈ వరుసలో వీధిని చూపి సంపాదించువానికిని, చూచి యానందించువానికిని చట్టము తాకని చిన్న బాధ్యతయైనను లేదా?

మేము మార్గదర్శకుని దూషింపము. అతడు అమ్మినది మూడు గంటల సంతోషము. దానిని లోపము లేక యిచ్చెను. మా మాట యింతే. పానశాల ద్వారముననే వెల యంతయు చెప్పవలెను. ఎనిమిది యాసనముల యంగడికి నలుగురికంటె నెక్కువమందిని కొనిపోరాదు. వాడుకదారు తలుపు తీసినపుడు అతనికి చోటుండవలెను. కార్యక్రమములో లేని వీధిని గూర్చి యాత్రికు డడిగినపుడు నవ్వి తప్పుకొనక, రెండు మాటలలో సత్యము చెప్పవలెను. ఇందువలన సాయంకాలపు సంతోషము కొంత తగ్గినను తగ్గుగాక.

యాత్రికునికిని విధి గలదు. మన తెలుగువా రనేకులు నేడు ఉద్యోగములకును, విహారమునకును జపాను పోవుచున్నారు. త్రాగువారు త్రాగుదురు, త్రాగనివారికి తేనీరున్నది. పాట వచ్చినవారును రానివారును పాడుదురు గాక. వెల వ్రాయని మేడ మెట్లెక్కవలదు. చిన్నయంగడిలో ఒక పాత్ర ముగియగానే లేచి చోటిండు. యజమానురాలి ముఖమును అడుగక ఛాయాచిత్రము దీయవలదు. వెలుగుచున్న ముఖచిత్రముల క్రింద నడచునపుడు, ఆ దీపముల ఖర్చు ఎవరి పద్దున వ్రాయబడుచున్నదో అడుగుడు.

పానశాలకు పోదగునా యని మా పఠనాలయపు పెద్దలు నేటికిని నవ్వుచు ప్రశ్నించుచున్నారు. పోవుటను మేము తప్పనము. పద్దు చదువకుండ లేచి వచ్చుట తప్పు. ఆ రాత్రి మా పద్దులో నొక పెద్దమనుష్యుని యాసనము వ్రాయబడలేదు. ఆ బాకీని తీర్చు నుపాయము తెలియకనే ఈ నాలుగు మాటలు వ్రాసితిమి.