కొలిచే కుంచం ఎవరిది?

దొర ఇంట్లో రెండు కుంచాలుండేవని మన తాతలు చెప్పేవాళ్ళు. మన దగ్గర గింజలు తీసుకునేటప్పుడు ఒకటి, మనకు కూలి గింజలు కొలిచేటప్పుడు ఇంకొకటి. చూడ్డానికి రెండూ ఒకటే. అడుగున చెయ్యి పెడితేగాని తేడా తెలీదు. పాటల్ని కొలిచే పెద్దమనుషుల దగ్గర కూడా అలాంటి కుంచమే ఉంది. దాని అడుగున ఒకసారి చెయ్యి పెట్టి చూద్దాం.

అమెరికాలో రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రిక ఉంది. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. 2003లో అది 'అన్ని కాలాల్లోనూ గొప్ప ఆల్బంలు 500' అంటూ ఒక జాబితా అచ్చేసింది. 273 మంది విమర్శకులు, సంగీతకారులు, కంపెనీల మనుషులు దీనికి ఓటేశారు. మొదటి స్థానం బీటిల్స్ వాళ్ళ 'సార్జంట్ పెప్పర్స్'కు దక్కింది. మొదటి పదింటిలో బీటిల్స్‌వే నాలుగు. బాబ్ డిలాన్‌వి రెండు. నల్లవాళ్ళది ఒకే ఒక్కటి. ఆరో స్థానంలో మార్విన్ గే పాడిన 'వాట్స్ గోయింగ్ ఆన్'. ఆడమనిషి పేరు మీద ఒక్కటి కూడా లేదు. 2012లో మళ్ళీ జాబితా వేశారు. పైన కూర్చున్నవాళ్ళు పైనే ఉన్నారు.

బీటిల్స్ గొప్పవాళ్ళు కాదని మేము అనడం లేదు. మా ప్రశ్న వేరు. ఈ రాక్ సంగీతం ఎవరి పొలంలో పండింది? పత్తి చేలల్లో, చర్చీల్లో, జైళ్ళలో నల్లవాళ్ళు పాడుకున్న పాటల్లోంచి బ్లూస్ వచ్చింది. బ్లూస్‌లోంచి రాక్ వచ్చింది. ఆ నల్లవాళ్ళ రికార్డులకు అమెరికా వ్యాపారం పెట్టిన పేరు 'రేస్ రికార్డ్స్'. అంటే జాతి రికార్డులు. బిల్‌బోర్డ్ పత్రిక 1949 వరకు నల్లవాళ్ళ పాటల పట్టికను ఆ పేరుతోనే నడిపింది. మన భాషలో చెప్పాలంటే అది రెండు గ్లాసుల పద్ధతి. పంట నల్లవాడిది. కొలత తెల్లవాడిది.

2020లో ఆ పత్రిక కొత్తగా ఓట్లు వేయించింది. మూడు వందలకు పైగా మంది ఓటేశారు. ఈసారి నల్లవాళ్ళు, ఆడవాళ్ళు, కొత్తతరం వాళ్ళు ఎక్కువగా కూర్చున్నారు. ఏమైంది? మార్విన్ గే మొదటి స్థానానికొచ్చాడు. 'సార్జంట్ పెప్పర్స్' 24కు దిగింది. లారిన్ హిల్ అనే నల్ల యువతి 1998లో చేసిన ఆల్బం అంతకుముందు రెండు జాబితాల్లోనూ 300 దాటిన స్థానంలో పడి ఉంది. అది పదో స్థానానికొచ్చింది. 2024లో ఆపిల్ మ్యూజిక్ కంపెనీ వేసిన వంద ఆల్బంల జాబితాలో ఏకంగా మొదటిదైంది.

ఈ మధ్యలో ఆ పాటల్లో ఒక్క స్వరమైనా మారిందా? లేదు. లారిన్ హిల్ మళ్ళీ వెళ్ళి కొత్తగా పాడి వచ్చిందా? లేదు. మారింది తీర్పు చెప్పే పంచాయితీ. అంతే! ఏళ్ళ తరబడి 'ఇది సంగీత విలువల ప్రకారం ఇచ్చిన ర్యాంకు' అని చెప్తూ వచ్చిన మాట, కుర్చీలో మనుషులు మారగానే గాలికి పోయింది. మెరిట్ మెరిట్ అని మన చెవుల్లో ఇల్లు కట్టుకుని అరిచేవాళ్ళు ఈ లెక్కకు జవాబు చెప్పాలి.

ఇంకో ముచ్చట వినండి. ఆ పత్రిక పెట్టినవాళ్ళలో ఒకడైన జాన్ వెన్నర్ 2023లో ఒక పుస్తకం తెచ్చాడు. పేరు 'ది మాస్టర్స్'. రాక్ సంగీతంలో మహానుభావులతో సంభాషణలు. ఏడుగురు. ఏడుగురూ తెల్ల మగవాళ్ళే. నల్లవాళ్ళు, ఆడవాళ్ళు ఏరీ అని న్యూయార్క్ టైమ్స్ విలేఖరి అడిగితే, ఆ మేధో స్థాయిలో విడమరిచి మాట్లాడగలిగినవాళ్ళు వాళ్ళలో తగల్లేదన్నట్టు జవాబిచ్చాడు. గొడవైంది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పాలకమండలి నుంచి ఆయన్ని తీసేశారు. ఆయన క్షమాపణ చెప్పాడు. కానీ ఈ మాట మనకు కొత్తదా? 'వీళ్ళకు నోరు తిరగదు, వీళ్ళకు ఆలోచన పట్టదు' అనే మాటను బళ్ళో విన్నాం, ఆఫీసులో విన్నాం, సాహిత్య సభల్లో విన్నాం. సముద్రాలు దాటినా ఆ మాట యాస ఒక్కటే.

2020 జాబితా చూసి కొందరు గొణిగారు. ఇదంతా రాజకీయం, నల్లవాళ్ళకు కోటా ఇచ్చారు అన్నారు. పదింటిలో తొమ్మిది తెల్ల మగవాళ్ళకు పోయినప్పుడు అది రాజకీయం కాలేదు! అప్పుడది కళ!

ఇటు మన మిత్రులు కొందరు వేరే మాట అంటారు. పాటకు నంబరేమిటి, ఈ ర్యాంకులే దండగ అంటారు. వినడానికి బాగుంది. మేము ఒప్పుకోం. జాబితాకెక్కిన రికార్డు మళ్ళీ అచ్చవుతుంది. దుకాణంలో ముందు వరసలో ఉంటుంది. దాని మీద పుస్తకాలొస్తాయి, పాఠాలొస్తాయి, డబ్బులొస్తాయి. ఎక్కనిది మూలన పడుతుంది. మూలన పడ్డవాళ్ళకు తెలుసు నంబరు విలువేంటో.

అయితే పైన కూర్చునే పేరు మారితే పని అయిపోయినట్టేనా? కాదు. ఇక్కడే కుంచం అడుగున చెయ్యి పెట్టాలి.

మొదటిది, ఆల్బం అనే కొలతే అందరిదీ కాదు. ఎక్కువ పాటలు పట్టే ఎల్పీ రికార్డు 1948లోగాని రాలేదు. అంతకుముందు రికార్డుకు ఒక్కో పక్క మూడు నిమిషాలు. బ్లూస్ పాడిన రాబర్ట్ జాన్సన్ 1936, 37లలో 29 పాటలు రికార్డు చేసి 1938లో చనిపోయాడు. బతికుండగా ఆల్బం అనేదే ఎరగడు. పోయిన 23 ఏళ్ళకు, 1961లో కంపెనీ వాళ్ళు ఆ పాటల్లో కొన్ని ఏరి ఎల్పీగా కుట్టారు. అట్లా కుట్టారు గనక ఆయనకు జాబితాలో చోటు దొరికింది. కుట్టనివాళ్ళ సంగతేంటి?

రెండోది, పేరెవరిది, చెమట ఎవరిది? ఇప్పుడు నంబర్ వన్ అంటున్న 'వాట్స్ గోయింగ్ ఆన్' సంగతే తీసుకోండి. 1969లో బర్క్‌లీలో పోలీసులు జనాన్ని కొట్టడం కళ్ళారా చూసిన ఓబీ బెన్సన్ మనసులో ఆ పాట మొదలైంది. వియత్నాం యుద్ధంలో తమ్ముడు చూసిన ఘోరాలు మార్విన్ గేని కదిలించాయి. మోటౌన్ కంపెనీ యజమాని బెర్రీ గోర్డీ ఆ పాటను బయటికి తేవడానికి ఇష్టపడలేదు. ఆయనా నల్లవాడే. మనోడైనా యజమాని యజమానే! 1971 జనవరిలో పాట వచ్చింది, జనం ఎత్తుకున్నారు. అప్పుడుగాని మే నెలలో ఆల్బం రాలేదు. మోటౌన్ పాటల్లో చాలావాటికి వాద్యాలు వాయించిన 'ఫంక్ బ్రదర్స్' బృందం పేర్లు కంపెనీ ఆల్బం మీద అచ్చయ్యింది ఆ సంవత్సరమే, ఆ కవరు మీదే. అప్పటిదాకా దేశమంతా వాళ్ళ వాయింపుకు చిందేసింది. వాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ తెలీదు. లారిన్ హిల్ ఆల్బం మీద కూడా, మా పనికి సరైన పేరు దక్కలేదని నలుగురు సంగీతకారులు 1998లో కేసు వేశారు. 2001లో రాజీ అయింది. మనవాళ్ళు గెలిచిన చోట కూడా ఈ ప్రశ్న అడగాల్సిందే.

అమెరికా గొడవ మనకెందుకు అంటారా? 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు బ్లాక్ పాంథర్స్ పేరు ఊరికే పెట్టుకోలేదు. అంతదాకా ఎందుకు, 2021 సంగతే చూడండి. తమిళ దళిత గాయకుడు తెరుక్కురల్ అరివు, సిలోన్ తేయాకు తోటల్లో చాకిరీ చేసి భూమి లేకుండా తిరిగొచ్చిన తన అవ్వ కథలోంచి 'ఎంజాయ్ ఎంజామి' పాట రాశాడు, గాయని ధీతో కలిసి పాడాడు. ఊరూరా మోగింది. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ఆ పాట పేరు చెప్పుకుంటూ ముఖచిత్రం వేసింది. ముఖచిత్రం మీద అరివు లేడు! దర్శకుడు పా. రంజిత్ గట్టిగా అడిగాడు. నలుగురూ అడిగారు. తర్వాత అరివుకు వేరే ముఖచిత్రం వేశారు. అడిగితేగాని రాలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

మరి మన సంగతి? ఊరూరా చిందు యక్షగానం ఆడి పాడిన చిందు ఎల్లమ్మ 2005లో పోయింది. ఆమె గొంతును ఏ నంబరు కొలుస్తుంది? మన వాడల్లో డప్పు వాయించినోళ్ళ పేర్లు ఎన్ని క్యాసెట్ల మీద, ఎన్ని పాటల కింద చదివారు? వేళ్ళ మీద లెక్కపెట్టండి. మన సభల్లో పాట రాసినవాడి పేరు మైకులో చెప్తాం. కోరస్ పాడిన అక్కల పేర్లు చెప్తున్నామా? మన చేతికి కుంచం రాకముందే మనలో ఈ పాడు అలవాటు ఉందంటే, వచ్చాక ఏం చేస్తాం?

అందుకే మేము కోరేది ఇది. మీ వాడలో ముసలి గొంతులు పోకముందే వాళ్ళ పాటలు రికార్డు చేయండి. పాడినోళ్ళ పేరు, వాయించినోళ్ళ పేరు, వంత పాడినోళ్ళ పేరు, ఊరి పేరు రాయండి. ఎవడో ఇచ్చే ర్యాంకు కోసం చెయ్యి చాచొద్దు. ఇవ్వకపోతే అడగడం మానొద్దు. రేపు మన జాబితా మనం వేసుకున్ననాడు, ఏ దిక్కులేని గాయకురాలైనా వచ్చి మన కుంచం అడుగున కూడా చెయ్యి పెట్టి చూసేలా ఉండాలి.