ఆటస్థలము – తరగతి గది

అమెరికాలోని పసిఫిక్ తీరపు క్రీడాకూటమి నుండి 2024లో పన్నెండింట పది విశ్వవిద్యాలయములు వెడలిపోయినవి. వానిలో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలు అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరినవి! ఫుట్‌బాల్ ప్రసారములకు టెలివిజన్ సంస్థలు చెల్లించు ధనమే ఇందులకు ముఖ్యకారణము. ఫుట్‌బాల్ జట్టు వారమున కొక్క పోటీ ఆడును, అదియు సాధారణముగా శనివారమే. వాలీబాల్ ఆడు విద్యార్థినులు మాత్రము తరగతులు జరుగు దినములలో ఖండమును దాటి పోవలసివచ్చినది. పాఠము పోయినది వీరికి, ఫలము దక్కినది వేరొకరికి.

మేము క్రీడలకు విరోధులము కాము. షికాగో విశ్వవిద్యాలయము 1939లో ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేసినది. అంతటి కాఠిన్యమును మేము కోరము. (అచ్చటనే 1969లో ఆ ఆట చిన్న స్థాయిలో మరల వెలసినది.) మన కమిటీవారు పోటీల పట్టిక వేయునపుడు తరగతుల పట్టికను ఎదుట నుంచుకొనవలెనని మా మనవి. తప్పిన పాఠములను ఆటగాండ్రకు సాయంత్రము మరల చెప్పుటకు అధ్యాపకులము సిద్ధముగా నున్నాము.