మాటల మూట: బోల్డు అల్లరి

మేము బాలింకాలిగ్ వచ్చిన కొత్తలో సంగతి. ఓ సాయంత్రం మా వాణ్ణి తీసుకురావడానికి బడికి వెళ్తే, టీచరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఇవాళ మీ అబ్బాయి చాలా బోల్డ్‌గా ఉన్నాడు" అంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఎంసీఏ చదివినవాణ్ణి, ఆ మాత్రం ఇంగ్లీషు రాదా? "థాంక్యూ, ఇంట్లో మేమూ అదే నేర్పుతున్నాం" అన్నాను. ఆవిడ ముఖం చూడాలి!

ఆ సంతోషంలో వాణ్ణి లీ నది ఒడ్డున పార్కుకి తీసుకెళ్ళి ఐస్‌క్రీం కొనిపెట్టాను. (1794లో మొదలై 1903లో మూతపడిన తుపాకిమందు మిల్లుల స్థలమే ఆ పార్కు.) వాడు తింటున్నాడే గానీ నా కళ్ళలోకి చూడడు.

రాత్రి ఇండియాకి ఫోన్ చేసి గొప్పలు పోయాను. "బోల్డేమిట్రా? బోల్డు మార్కులా?" అంది అమ్మ.

మర్నాడు ఆఫీసులో కార్క్ మిత్రుడు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఐర్లండులో పిల్లల్ని బోల్డ్ అన్నారంటే మాట వినలేదని, అల్లరి చేశారని అర్థం. పెద్దవాళ్ళ 'బోల్డ్ నిర్ణయం' మాత్రం ఇక్కడా ధైర్యమే. ఐరిష్ భాషలో 'దానా' అన్న ఒక్క మాటకే తెగువ, అల్లరి అని రెండర్థాలున్నాయి. ఇక్కడి ఇంగ్లీషుకి ఈ వాడుక అక్కణ్ణుంచే అబ్బిందంటారు.

మనం మాత్రం తక్కువా? పోలీస్ స్టేషన్లో రౌడీషీటు తెరిస్తే బతుకు బుగ్గి. అదే అమ్మమ్మ "మా రౌడీ వెధవ" అంటే ముద్దు. 1991లో 'అసెంబ్లీ రౌడీ', 'రౌడీ అల్లుడు' రెండూ వచ్చాయి, ఇద్దరూ హీరోలే! అలాగని మీవాణ్ణి టీచరు ముందు రౌడీ అని మురిసిపోకండి. ఆవిడకి అమ్మమ్మ ముద్దు వినబడదు.

ఇంటికొచ్చి మా వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. లైనులో ముందున్న పిల్లాణ్ణి తోశాడట. పాపం, ఆ అబ్బాయి మోచెయ్యి గీరుకుపోయిందట.

"బోల్డ్ అంటే నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా."

"మరి నిన్న చెప్పలేదేం?"

"నువ్వు బోల్డు సంతోషంగా ఉన్నావుగా..."

మర్నాడు పొద్దున్నే బడి గేటు దగ్గర నిలబడి ఆ పిల్లాడికీ, వాళ్ళమ్మకీ ఇద్దరం సారీ చెప్పాం. ఐస్‌క్రీం సంగతి మాత్రం చెప్పలేదు.